పూర్ణయ్యగారి కాపురం

రొయ్య తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్ల నరాన్ని గోటితో లాగి పారేసి గిన్నెలో వేస్తోంది సత్యవేణి. ఎదురుగా పీట మీద కూచున్న వాళ్లమ్మ మంగతాయారు అదే పని చూడకుండానే చేస్తోంది. ఆమె చూపంతా కూతురి మొహం మీదుంది. వేళ్లు మాత్రం బేసినులో వాటి దారిన అవి నడుస్తున్నాయి.

"ఆ రూబేనుకి రొయ్యలు ఒలవడం వచ్చా?" అంది మంగతాయారు.

"సముద్రం మీద పనిచేసేవాడికి రొయ్యలు రావా అమ్మా?"

"సముద్రం అడుగున ఇసక తోడే ఓడకీ రొయ్యలకీ ఏం సంబంధమే? మీ నాన్న చేపలరేవులోనే గుమస్తాగా చేశారు. ఒక్కనాడు ఒక్క రొయ్య ఒలిచారా? బేసిను ఒళ్లో పెట్టానంటే చాలు, దాన్ని కింద పెట్టి, చెప్పులేసుకుని, మాటా పలుకూ లేకుండా వీధిలోకి నడిచేసేవారు. కూర ఉడికిన వాసనొచ్చాకే రావడం."

సత్యవేణి నవ్వింది. నాన్న పోయాక కొన్నేళ్లపాటు అమ్మ ఈ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతోందంటే మనసు కుదుటపడినట్టే. రూబేనుతో పెళ్లి సంగతి కూడా అంతే. మతం వేరని మొదట్లో మూతి ముడుచుకుంది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "గుళ్లో దండలూ చర్చిలో ఉంగరాలూ నేను నమ్మను. రిజిస్ట్రారు సంతకం పడాలి, సర్కారు ముద్ర పడాలి. అప్పుడే ఆ అబ్బాయి నా గడప లోపల అడుగుపెట్టడం." రూబేను పనిచేసే ఆ ఇసక తోడే ఓడ, డ్రెడ్జరు, మూడు నెలల్లో కాకినాడ వదిలి ఒడిశా వైపు వెళ్లిపోతుంది. పెళ్లి ఆలోగా అయితేనే సత్యవేణి అతనితో వెళ్లగలదు. లేకపోతే అది మళ్లీ ఏ రేవుకి ఎప్పుడొస్తుందో ఓడ కెప్టెనుకే తెలియదు.

ఫోను మోగింది. రొయ్యల చేత్తో ముట్టుకోలేక మోచేత్తో స్పీకరు నొక్కింది.

"అమ్మాయ్, అర్జెంటుగా ఆఫీసుకి రావాలి," అన్నారు సూపరింటెండెంటు కనకలింగం గారు. "ప్రారంభోత్సవం కూలిపోయింది."

"పందిరా సార్?"

"పందిరైతే మళ్లీ కట్టుకునేవాళ్లం. ప్రోగ్రాము!"

సత్యవేణి పనిచేసే చోటుని ఉమ్మడి సంకేత భాండాగార సంస్థ అంటారు. పేరు అంత పొడుగ్గా ఉన్నా అది చేసే పని, పెళ్లిళ్లకి వంటసామాను అద్దెకిచ్చే షాపు పనే. ఏ ఆఫీసు ప్రోగ్రాము రాసుకున్నా అందులోకి కావలసిన కోడు ముక్కలు ఇక్కణ్ణించే పట్టుకెళ్లాలి. మండలాఫీసు, రేషన్ షాపు, రిజిస్ట్రారు ఆఫీసు, అన్నిటికీ ఒకటే గుండిగ. ఆ గుండిగకి చిల్లు పడితే అన్ని పెళ్లిళ్లలోనూ సాంబారు కారుతుంది.

ఆ కోడులో ఉండేవన్నీ వస్తువులు. మనిషి ఒక వస్తువు, ఇల్లు ఒక వస్తువు, మనిషికి అన్న ఉంటే ఆ అన్న ఇంకో వస్తువు. ఒక వస్తువు ఇంకో వస్తువుని ఏదో ఒకటి అడుగుతూ పని నడుస్తుంటుంది. అడిగినచోట అసలెవరూ లేకపోతే దాన్ని నల్ అంటారు. పక్కింటి తలుపు తట్టి "వదినా, కాస్త పంచదార పెట్టు" అంటాం. తాళం కనిపిస్తే నోరు మూసుకుని ఇంటికొస్తాం. కంప్యూటరుకి ఆ మాత్రం మర్యాద తెలీదు. తాళాన్ని పంచదార అడిగి, జవాబు రాక అక్కడే గుండె ఆగి పడిపోతుంది. ఎవరో ఒకరు దానికి ముందే చెప్పాలి, వదిన ఉందో లేదో చూసి అడగమని.

ఆరోజు ప్రారంభించిన కుటుంబ వివరాల ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు. ముఖ్య అతిథి గారు మీట నొక్కారు. పెద్ద తెర మీద ఆయన కుటుంబ వివరాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. తండ్రి వచ్చాడు, తల్లి వచ్చింది. అన్నగారి వంతు వచ్చేసరికి, ముఖ్య అతిథి గారికి అన్న లేడు. లేని అన్నని పేరేమిటని అడిగి ప్రోగ్రాము కుప్పకూలింది. తెరంతా ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. తనకి అన్న లేకపోవడం ఇంత ఘోరమని ఆయనకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కొబ్బరికాయ కూడా కొట్టకుండా కారెక్కారు.

సత్యవేణి వెళ్లేసరికి డైరెక్టరు గరుడాచలం గారు సమావేశ మందిరంలో కళ్లు మూసుకుని కూచుని ఉన్నారు.

"కారణం నిర్ధారణ అయినదా?" అన్నారు.

"అన్న ఉన్నాడా అని ముందు అడగలేదు సార్," అంది సత్యవేణి. "ఉంటే పేరు అడగాలి, లేకపోతే ఊరుకోవాలి. ఒక్క లైను రాస్తే సరిపోతుంది."

గరుడాచలం గారు కళ్లు తెరిచారు. "ఒక్క లైనుతో ముగిసే సమస్యకి ఇంత పెద్ద సంస్థ దేనికమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు. అందుకని ఒక కమిటీ వేశారు. కమిటీ ఒక సర్క్యులరు వేసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రతి విలువనూ వాడుటకు ముందు అది ఉన్నదో లేదో తనిఖీ చేయవలెను. తనిఖీ చేసిన పిమ్మట తనిఖీ జరిగినదో లేదో తనిఖీ చేయవలెను. తనిఖీదారు ఉన్నాడో లేడో తనిఖీ చేయు బాధ్యత తదుపరి తనిఖీదారునిది."

ఆ వారం రేషన్ షాపుల్లో వేలిముద్ర వేసినవాళ్లు, వేలు ఉందా, వేలికి చెయ్యి ఉందా, చేతికి మనిషి ఉన్నాడా అని మిషను తేల్చుకునేదాకా నిలబడి నిలబడి సంచులు పరుచుకుని కూచున్నారు. ఆఫీసులోనూ ఈ సత్సంప్రదాయాన్ని పాటించాలని గరుడాచలం గారు సెలవిచ్చారు. కనకలింగం గారు ఆయన గది తలుపు దగ్గర నిలబడి, "సార్ ఉన్నారాండి?" అనేవారు.

"ఉన్నాను."

"ఉన్నానన్నది సారేనాండి?"

"నేనేనయ్యా."

"అడిగింది నేనేనని సారుకి తెలుసాండి?"

ఈ లోపల ఆయన తెచ్చిన టీ మీద మీగడ కట్టేది. టీ తాగే ముందు గ్లాసులో టీ ఉందో లేదో గరుడాచలం గారు విడిగా తనిఖీ చేసుకునేవారు.

ఇదిలా ఉండగా హైదరాబాదు నుంచి కీర్తన్ గారనే సలహాదారు దిగారు. మీద కోటు, కింద కాన్వాసు బూట్లు. ఆయన కుర్చీలో కూచోరు. నడుస్తూ మాట్లాడతారు.

"మీరు ఉందా, లేదా అని ఎందుకడుగుతున్నారు?" అన్నారు నడుస్తూ. "లేదు అనే జవాబు వస్తుందన్న భయంతో. నేనంటాను, ఆ జవాబునే రద్దు చేసేద్దాం. శూన్యం ఒక విలువ కాదు మిత్రులారా. అదొక నిరుత్సాహం."

గరుడాచలం గారి మొహం వికసించింది.

కీర్తన్ గారు బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీశారు. ఎక్కడ ఎవరూ లేరో అక్కడ ఒక ఉత్తుత్తి వస్తువుని పెట్టాలి. చూడ్డానికి అసలు వస్తువులాగే ఉంటుంది. దాన్ని ఏం అడిగినా ఏమీ చెయ్యదు, ఏమీ చెప్పదు, కానీ కూలిపోదు. అదొక్కటే చాలు. ఇంకెవరూ ఏదీ తనిఖీ చెయ్యక్కర్లేదు.

సత్యవేణి చెయ్యెత్తింది. మామూలుగా ఆమె సమావేశాల్లో మాట్లాడదు. "కొన్నిచోట్ల అది మంచిదే సార్. కాలింగ్ బెల్లు లేని ఇంటికి ఉత్తుత్తి బెల్లు పెడితే నష్టం లేదు, నొక్కినా మోగదు అంతే. మనిషి లేని ఇంట్లో ఉత్తుత్తి మనిషిని పెడితే ఎలా సార్? లేరని ఎవరో ఒకరికి తెలియాలి కదా."

"'లేదు' అనే మాట మన పరిభాషలోనే లేదమ్మా," అన్నారు గరుడాచలం గారు మృదువుగా. "'పరిశీలనలో ఉన్నది' అని మాత్రమే ఉన్నది."

శూన్య నిర్మూలన పథకం అలా పుట్టింది. ఉత్తుత్తి వస్తువుకి గౌరవప్రదమైన పేరుండాలని మరో కమిటీ కూచుని, శూన్యానికి విరుగుడు పూర్ణం గనక, శ్రీ పూర్ణయ్య అని నిర్ణయించింది. మొదటి విడతలో ఆఫీసుల్లో ఖాళీ పోస్టులూ, స్త్రీల రికార్డుల్లో ఖాళీ భర్తలూ నింపాలి. పురుషులది రెండో విడత, నిధుల లభ్యతని బట్టి.

కోడు కొట్టే పని సత్యవేణికే పడింది. పనే కదా అని ఆమె కొట్టింది. కొట్టినందుకు శాలువా కప్పారు. ఆ శాలువాని మంగతాయారు టీవీ మీద కప్పింది.

పథకం చూస్తూ చూస్తుండగానే విజయవంతమైంది. ఎక్కడా ప్రోగ్రాము కూలడం లేదు. ఎర్ర అక్షరాలు లేవు. జిల్లాలో ఒక్క ఖాళీ పోస్టు లేదు, అన్నిట్లోనూ పూర్ణయ్యే. లెక్కల టీచరు లేని బళ్లో లెక్కల టీచరు పూర్ణయ్య. డాక్టరు లేని ఆసుపత్రిలో డాక్టరు పూర్ణయ్య, ఆయన వైద్యం వికటించిందని ఒక్క ఫిర్యాదు రాలేదు. కాలవ గేటు దగ్గర లస్కరు పూర్ణయ్య. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందామని వచ్చిన కుర్రాళ్లకి, "ఖాళీల్లేవయ్యా, పూర్ణయ్యగారు చేస్తున్నారు" అని జవాబు వచ్చేది. మొదట్లో వాళ్లు పూర్ణయ్యని తిట్టుకున్నారు. తర్వాత ఆయన ఏ పరీక్ష రాసి పాసయ్యాడో కనుక్కుని ఆ పుస్తకాలు కొనుక్కుందామని చూశారు.

ఆ నెలాఖరుకి ఉత్తమ ఉద్యోగిని ఎంపిక చెయ్యాల్సి వచ్చింది. సెలవు పెట్టనివాడు, పైవాళ్లకి ఎదురు చెప్పనివాడు, ఫైలు మీద తప్పు రాయనివాడు ఎవడని వెతికితే కంప్యూటరు ఒకటే పేరు చూపించింది. ఉత్తమ ఉద్యోగి వేదిక మీదికి రావాలి. రాకపోతే వేదిక మీద ఖాళీ ఏర్పడుతుంది. ఖాళీ నిషిద్ధం.

కాబట్టి పూర్ణయ్యగా కనిపించడానికి ఒక మనిషిని కాంట్రాక్టు మీద తీసుకోవలసి వచ్చింది. సామర్లకోట నుంచి నూకరాజు అనే ఆయన దొరికాడు. పౌరాణిక నాటకాల్లో ద్వారపాలకుడి వేషం ఆయనది. ఎన్నో ఊళ్లలో, తెల్లవార్లూ, ఈటె పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉంది. ఒక్క నాటకంలోనూ ఒక్క డైలాగు లేదు. ఇంటర్వ్యూలో ఏం ప్రశ్నలడిగినా పలక్కుండా నిలబడేసరికి కీర్తన్ గారి కళ్లు చెమర్చాయి. నిబంధనలు చదివి వినిపించారు. చెప్పిన పని చెయ్యకూడదు. మాట్లాడకూడదు. ఎవరి తప్పూ ఎత్తి చూపకూడదు. నూకరాజు తలైనా ఊపలేదు. సన్మానం రోజు షీల్డు ఇవ్వబోతే చేతులు చాపలేదు. చాపితే పని చేసినట్టవుతుంది. షీల్డుని ఆయన మోకాళ్లకి ఆనించి ఫోటో తీశారు.

ఇన్ని జరుగుతున్నా సత్యవేణికి తన గొడవ తనకుంది. డ్రెడ్జరు కదిలే రోజు దగ్గరపడింది. నోటీసు గడువు పూర్తయింది. ఆమె, రూబేను, సాక్షి సంతకానికి మంగతాయారు, ముగ్గురూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లారు. రూబేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంగతాయారుకి కుర్చీ వెతికి తెచ్చి, "కూచోండి అత్తయ్యగారూ" అన్నాడు. "ఇంకా కాలేదు," అంది ఆమె కూచుంటూ.

గుమస్తా కంప్యూటరు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మీకు పెళ్లైపోయిందండి," అన్నాడు సత్యవేణితో.

"ఎవరితో?" అన్నాడు రూబేను.

"పూర్ణయ్యగారితోనండి."

సత్యవేణికి విషయం అర్థమైంది. తను కొట్టిన కోడు. తన రికార్డులోనూ భర్త గడి ఖాళీగానే ఉంది మరి.

"ఎవడే ఆ పూర్ణయ్య?" అంది మంగతాయారు లేచి నిలబడి. "నాకు తెలీకుండా ఎప్పుడు జరిగిందే ఇదీ?"

"కంగారు పడకండమ్మా," అన్నాడు గుమస్తా. "మీ పేరు కూడా చూస్తాను. మంగతాయారు గారు కదండీ. ఆయ్, మీ ఆయన కూడా పూర్ణయ్యగారేనండి."

రూబేను తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే," అన్నాడు రూబేను మెల్లిగా, "వేణీ, మీ అమ్మగారు నీకు..."

"నోర్ముయ్యి," అన్నారు తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి.

"ఊళ్లో చాలామందికి ఆయనేనండి," అన్నాడు గుమస్తా ఓదార్పుగా. "మా చెల్లిక్కూడానండి. మంచోడండి. తాగడు, కొట్టడు. ఇంతవరకూ ఒక్క కంప్లయింటు లేదండి."

"మా ఆయన పోయారయ్యా!" అంది మంగతాయారు. "కాటికి నా కళ్లముందే తీసుకెళ్లారు. డెత్ సర్టిఫికెట్టు మీ ఆఫీసులోనే ఇచ్చారు."

"ఆయన పోయారండి, కాదన్లేదండి. పోయాక ఖాళీ వచ్చింది కదండీ. అది నింపారండి."

ముగ్గురూ అక్కణ్ణించి తిన్నగా గరుడాచలం గారి దగ్గరికి వెళ్లారు. ఆయన మంగతాయారుకి నమస్కారం పెట్టి, "మా సంస్థ తమకు పునః మాంగల్యభాగ్యం కల్పించగలిగినందుకు గర్విస్తున్నాము" అన్నారు. మంగతాయారు చేతిసంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. సత్యవేణి గబగబా మధ్యకొచ్చింది.

"సార్, ఆ విలువ తీసెయ్యండి. నేనే తీసేస్తాను, అనుమతివ్వండి."

"ఉన్న విలువను తీసివేసి శూన్యము చేయుట పథకానికే విరుద్ధం కదమ్మా. ఇవాళ నీకు భర్తను తీసేస్తే రేపు ఆసుపత్రి వాళ్లొచ్చి మా డాక్టర్ని తీసెయ్యమంటారు. అప్పుడు ఆసుపత్రిలో డాక్టరు లేడన్న దుష్ప్రచారం మొదలవుతుంది."

"మరి నా పెళ్లి సార్?"

గరుడాచలం గారు నిబంధనల పుస్తకం తెప్పించారు. చాలాసేపు తిరగేశాక ఒకచోట వేలు ఆగింది. "ఒక వెసులుబాటు ఉన్నది. పూర్ణయ్య తనంతట తాను, ఎవరి ఆదేశమూ లేకుండా, ఏమియూ పలకకుండా, సదరు చిరునామాను విడిచి వెళ్లినచో, ఆ క్షణముననే మరొక విలువను ఆ గడిలో నింపవచ్చును. ధ్రువీకరణాధికారి సమక్షంలో, ఆయన ముద్రే రిజిస్ట్రారు ముద్రగా. క్షణం ఆలస్యమైనా శూన్యము ఏర్పడును."

అలా ఆ ఆదివారం పొద్దున్న ఆఫీసు జీపు సత్యవేణి వాళ్ల వీధిలో ఆగింది. అందులోంచి ధ్రువీకరణాధికారిగా కనకలింగం గారు దిగారు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. వెనకాల పూర్ణయ్యగా నూకరాజు దిగాడు, తెల్ల చొక్కా, తెల్ల పంచె, మొహాన ఏ భావమూ లేదు. మర్నాడు తెల్లవారగానే డ్రెడ్జరు లంగరు ఎత్తుతుంది. రూబేను అప్పటికే వచ్చి గడప బయట నిలబడి ఉన్నాడు. పెట్టె సర్దుకోమని సత్యవేణికి రాత్రే ఫోన్లో చెప్పాడు. ఆమె సర్దలేదు. సర్దితే ఇవాళ విప్పుకోవలసొస్తుందేమోనని భయం.

"మీరు ఆ గడప బయటే ఉండాలి," అన్నారు కనకలింగం గారు రూబేనుతో. "పూర్ణయ్యగారి కాలు బయట పడగానే మీ కాలు లోపల పడాలి. మధ్యలో సందు ఉండకూడదు."

"రెండు కాళ్లూ ఒక్కసారే గడప మీదుంటే తప్పా సార్?" అన్నాడు రూబేను.

కనకలింగం గారు ఆలోచించి, "దానికి వేరే వివరణ కోరాలి," అన్నారు.

నూకరాజుని హాల్లో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టారు. అంతే, ఆయన కూచున్నాడు. మామూలుగా ఎవరైనా కొత్తింట్లో కూచుంటే గోడ మీది ఫోటోలు చూస్తారు, క్యాలెండరు చూస్తారు. ఆయన ఏమీ చూడలేదు.

సత్యవేణి టీ ఇచ్చింది. తీసుకోలేదు. పక్కన స్టూలు మీద పెట్టింది. కాసేపటికి ఒక చీమ వచ్చి గ్లాసు చుట్టూ తిరిగి వెళ్లింది.

"వెళ్లమని చెప్పండి సార్," అంది సత్యవేణి.

"అమ్మో! చెప్తే ఆదేశం. ఆదేశం విని వెళ్తే పని చేసినట్టు. పని చేస్తే ఆయన పూర్ణయ్యే కాడు. అప్పుడు ఆయన వెళ్లినా వెళ్లినట్టు కాదు."

రూబేను గడప బయట నుంచి మెడ చాపి, "బాబాయ్," అన్నాడు, "బయట గాలి బ్రహ్మాండంగా ఉంది. వీధి చివర పునుగులు వేస్తున్నారు. వాసన చూడు బాబాయ్."

"ప్రలోభం," అన్నారు కనకలింగం గారు. "ఇంకోసారి అంటే రాసుకుంటాను."

ఫ్యాను తీసేశారు. నూకరాజుకి చెమట పట్టింది, కదల్లేదు. ఫ్యాను వేశారు. చెమట ఆరింది. పక్కింటి వదినగారు పెరుగు అడగడానికొచ్చి, "ఎవరే ఈయన?" అంది. ఆవిడ నూకరాజుని కిందికీ మీదికీ చూసి, పెరుగు తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఎండ గడప దాకా వచ్చింది. రూబేను కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. సత్యవేణి వంటింట్లోకీ హాల్లోకీ తిరిగింది. ఈ మనిషి సాయంత్రం దాకా కదలకపోతే తను ఏం చెయ్యాలి? రేపు ఓడ వెళ్లిపోతుంది. కోడులో ఈయన ఎలా ఉండాలని తను రాసిందో అచ్చం అలాగే ఉన్నాడు, ఒక్క తప్పు లేదు. తప్పుంటే బాగుండునని ఆమెకి మొదటిసారి అనిపించింది.

మంగతాయారు ఇదంతా ఏమీ పట్టనట్టు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బేసిను ముందు పెట్టుకుని కూచుంది. ఆదివారం గదా, రొయ్యలొచ్చాయి.

కనకలింగం గారికి కూడా విసుగొచ్చింది. పలక తెరిచి, "మిగతావన్నీ ముందే పూర్తి చేసుకుందాం," అన్నారు. "పూర్ణయ్యగారు వెళ్లగానే అమ్మాయి గడిలో రూబేను గారిని నింపుతాం. ఆయన ఇల్లు విడిచాక తమరి గడి కూడా ఖాళీ అవుతుందమ్మా. అందులో ఎవర్ని నింపమంటారు?"

"ఎవర్నీ వద్దు," అంది మంగతాయారు.

"ఖాళీగా ఉంచకూడదమ్మా."

మంగతాయారు చేతులు ఆగాయి. "అది ఖాళీ ఎందుకవుతుంది బాబూ? అక్కడ మా ఆయనుండేవారు." బేసినులోకి చూస్తూ అంది. "మీరు దాన్ని ఖాళీగా ఉంచండి. నాకు తెలుసు అక్కడెవరో. వేరే ఎవర్నో కూచోబెడితే, ఇంక ఆయన లేరని కూడా ఎవరికీ తెలీదు."

కనకలింగం గారు ఏదో అనబోయి నోరు తెరిచారు. అనేముందు ఒకసారి ఆమె మొహం చూశారు. నోరు మూసుకున్నారు.

నూకరాజు కళ్లు ఇంతసేపటికి మొదటిసారి కదిలాయి. గోడ మీద, దండ వేసిన ఫోటో మీద ఆగాయి. మళ్లీ ముందుకు తిరిగాయి.

మంగతాయారు లేచింది. బేసిను రెండు చేతుల్తో ఎత్తింది. తడిచేతులూ, మోచేతుల దాకా రొయ్య పెంకులూ. హాల్లోకొచ్చి నూకరాజు ఎదురుగా నిలబడింది.

"ఏవయ్యా," అంది. "ఇద్దరు పెళ్లాలున్న ఇల్లు. పొద్దుట్నుంచీ దిష్టిబొమ్మలా కూచున్నావు. ఇవన్నీ ఎవరు ఒలుస్తారు, మీ నాన్నా?"

బేసిను ఆయన ఒళ్లో పెట్టేసింది. నీళ్లు తొణికి తెల్ల పంచె తడిసింది.

"అమ్మా!" అంది సత్యవేణి. కనకలింగం గారు నిబంధనల పుస్తకం తీశారు. రొయ్యల గురించి అందులో ఏమీ లేదు.

నూకరాజు బేసినులోకి చూశాడు. ఒలిస్తే పని చేసినట్టు. ఒలవనంటే మాట్లాడినట్టు. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూచుందామంటే ఒక రొయ్య ఇంకా బతికుంది, మీసాలాడిస్తూ పంచె వైపు పాకుతోంది. ఏళ్ల తరబడి ఈటె పట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషి. ఆయన మొహంలో ఏదో కదిలింది. ఒలవనూ ఒలవకుండా, అననూ అనకుండా ఉండే దారి ఒకటుంది. పెళ్లైన మగవాళ్లెవరికీ అది ఎవరూ నేర్పక్కర్లేదు. ఈయనకి సామర్లకోటలో ఇల్లుంది, ఆ ఇంట్లో ఇల్లాలుంది, ఆదివారాలున్నాయి.

నూకరాజు బేసినుని జాగ్రత్తగా కింద పెట్టాడు. లేచాడు. పంచె దులుపుకున్నాడు.

కనకలింగం గారి వేలు పలక మీద సిద్ధంగా నిలబడింది. రూబేను ఒక కాలు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. మంగతాయారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప వైపే చూస్తోంది, ఎప్పుడో అలవాటైన పనిలాగ.

నూకరాజు గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వెతికి, కుడిది ఎడమకాలికి పెట్టబోయి, సరిచూసుకుని వేసుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా, ఒక్క మాటైనా అనకుండా ఆయన గడప దాటగానే రూబేను కాలు లోపల పడింది, కనకలింగం గారి వేలు సత్యవేణి గడి నింపి మంగతాయారు గడిని ఖాళీగా వదిలేసింది. నూకరాజు ఎండలోకి దిగి వీధి చివరికి నడిచి వెళ్లిపోయాడు.